మధ్యలో ఆగిన చదువు – మనం వేసుకోవలసిన లెక్క

(రిఫాలో జరిగిన ఉగాది సాంస్కృతికోత్సవంలో విద్యా ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పాటలకూ, కూచిపూడి నాట్యానికీ, చిన్నారుల ఏకపాత్రాభినయాలకూ నడుమ ఒక పావుగంట చదువును గురించి మాట్లాడమని కార్యవర్గం వారు మమ్మల్ని ఆదేశించారు. పండుగపూట పరీక్షల మాట ఎవరికి రుచిస్తుందని మేమూ కొంత సందేహించాము. అయితే ఉగాది పచ్చడిలో వేపపువ్వుకు కూడా చోటున్నది గదా అని ధైర్యం చెప్పుకొని మీ ముందుకు వచ్చాము.

మేము చెప్పదలచిన విషయం ఒక్కటే. ఇంటర్మీడియెట్ ముగించి డిగ్రీ మధ్యలో వదిలి ఈ ద్వీపానికి వచ్చిన మన సోదరులు, పెళ్లితో చదువు ఆగిపోయిన మన సోదరీమణులు, పన్నెండో తరగతి తరువాత ఏమి చేయాలో తెలియక నిలిచిపోయిన మన పిల్లలు, ఈ మూడు వర్గాలవారూ పెద్దగా అప్పుల పాలు కాకుండా పట్టభద్రులు కాగల మార్గాలు ఈనాడు ఉన్నాయి. అయితే ఆ మార్గాలలో అన్నిటికన్నా తక్కువ ఫీజు ఉన్నది అన్నిటికన్నా చవకైనదని అనుకోరాదు. చివరిదాకా సాగి పట్టా చేతికి వచ్చే చదువే చవకైన చదువు. మధ్యలో ఆగిపోయే చదువు ఉచితంగా దొరికినా ఖరీదైనదే.

డిగ్రీ లేకపోతే ఏమి పోయింది, చేతిలో పని ఉన్నది గదా అని కొందరు అడుగుతారు. పని మన చేతిలో ఉన్న మాట నిజమే. కాని తూర్పు రిఫాలో గాని, పడమర రిఫాలో గాని మనవారిని పలకరించి చూడండి. పదేళ్లుగా దుకాణం లెక్కలన్నీ చూస్తున్నవాడు కాగితాల మీద సహాయకుడుగానే ఉంటాడు. పనివాళ్లను నడిపించేవాడు ఒకడైతే, పర్యవేక్షకుడి హోదా, ఆ జీతం నిన్నగాక మొన్న వచ్చిన పట్టభద్రుడికి దక్కుతాయి. మరొక సంగతి. మనం ఇక్కడ స్థిరంగా ఉండిపోయేవాళ్లం కాము. ఎప్పుడో ఒకనాడు కరీంనగరో, కడపో, కాకినాడో తిరిగి చేరవలసినవాళ్లమే. అక్కడ ఉద్యోగ ప్రకటనలో మొదటి పంక్తిలోనే డిగ్రీ అడుగుతారు. గల్ఫ్ అనుభవం ఎంత ఉన్నా ఆ మొదటి పంక్తి దాటనిదే రెండో పంక్తి చదవరు.

ఈ సందర్భంలో మనం గర్వంగా తలచుకోదగిన చరిత్ర ఒకటి ఉన్నది. కాలేజీకి వెళ్లలేనివారికి ఉత్తరాల ద్వారా పాఠాలు పంపే పద్ధతిని మన దేశంలో 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం ప్రారంభించింది. పదేళ్ల తరువాత, 1972లో, వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు అదే బాట పట్టింది. ఇంగ్లండులో 1969లో ఏర్పడిన ఓపెన్ యూనివర్సిటీ 1971లో బోధన మొదలుపెట్టి, గుమ్మం బయట నిలబడినవారికి కూడా విశ్వవిద్యాలయం చదువు చెప్పగలదని లోకానికి చూపించింది. భారతదేశంలో అటువంటి మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఎక్కడ పుట్టినదో తెలుసునా? మన తెలుగునాటనే. భవనం వెంకట్రామ్ గారు ముఖ్యమంత్రిగా ఉన్న రోజులలో, 1982 ఆగస్టులో, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దానికి మొదటి ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డి గారు. కరీంనగర్ జిల్లా గడ్డ మీద పుట్టిన ఆ మహనీయుడే తరువాత 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి, అనగా ఇగ్నోకు, మొదటి ఉపకులపతి అయినారు. మన రాష్ట్రంలో వెలసిన ఆ తొలి విశ్వవిద్యాలయానికి 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ గారి పేరు పెట్టారు.

దినమంతా పనిచేసుకునేవారికి ఊళ్లోని కాలేజీలోనే సెలవు రోజులలో తరగతులు, తెలుగులో పాఠ్యపుస్తకాలు, రేడియోలో పాఠాలు అందించడం ఆ విశ్వవిద్యాలయం పద్ధతి. కండక్టర్లు, గుమాస్తాలు, గృహిణులు, పోలీసు జవానులు ఎందరో ఆ తలుపులోంచి నడిచి పట్టభద్రులైనారు. ఆ తలుపు తెరిచిన గడ్డ నుండి వచ్చిన మనమే, సముద్రం దాటామన్న ఒక్క కారణాన చదువు మన వంతు కాదని అనుకోవడం న్యాయమా?

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. దానిని దాచకుండా చెబుతాము. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు దూరవిద్యను తమ రాష్ట్రం ఎల్లలలోనే నడపాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అనగా యు.జి.సి., నిబంధన పెట్టింది. కనుక దూరవిద్యలో హైదరాబాదు, విశాఖపట్నం విశ్వవిద్యాలయాలు రిఫాలో కేంద్రం పెట్టజాలవు. ఎవరైనా వచ్చి, ఫలానా రాష్ట్ర విశ్వవిద్యాలయానికి ఇక్కడ మాదే శాఖ అని చెబితే, ఆ మాటతోనే అనుమానించవలసి ఉంటుంది. చదువును శాఖలుగా ఇతరులకు అప్పగించడాన్ని యు.జి.సి. అనుమతించదు.

ఆన్‌లైన్ చదువుకు మాత్రం ఆ ఎల్లలు లేవు. 2020లో యు.జి.సి. దూరవిద్యకూ, ఆన్‌లైన్ విద్యకూ కలిపి కొత్త నిబంధనలు ప్రకటించింది. ఆన్‌లైన్ డిగ్రీకి అనుమతి పొందిన విశ్వవిద్యాలయంలో విద్యార్థి ఏ దేశంలో ఉన్నా చేరవచ్చు. గుర్తింపు పొందిన సంస్థ నుండి ఈ పద్ధతులలో పొందిన డిగ్రీ, తరగతిలో కూర్చొని పొందిన డిగ్రీతో సమానమని 2022 సెప్టెంబరులో అదే సంఘం మళ్లీ స్పష్టం చేసింది. ఉత్తరాల డిగ్రీ అంటే చిన్నచూపు చూసిన కాలం ఒకటి ఉండేది. చట్టం దృష్టిలో ఆ కాలం గడిచిపోయింది.

ఇక లెక్కకు వద్దాము. రిఫాలో ఉన్న మనిషికి చదువు ఖర్చు నాలుగు పద్దుల కింద పడుతుంది. ఫీజు ఒకటి, దారిఖర్చు రెండు, పోగొట్టుకునే జీతం మూడు, కాగితాల ఖర్చు నాలుగు. మనవాళ్లు సాధారణంగా మొదటి పద్దు ఒక్కటే చూసి నిర్ణయం చేస్తారు. ఒక ఉదాహరణ తీసుకుందాము. లెక్క సులువుగా ఉండటానికి దీనారుకు 200 రూపాయలనే అనుకుందాము, నిజానికి దీనారు విలువ అంతకన్నా ఎక్కువే. నెలకు 150 దీనారుల జీతగాడు ఏడాదికి 6,000 రూపాయల ఫీజున్న దూరవిద్యలో చేరాడనుకోండి. ఫీజు 30 దీనారులు. పరీక్షల కోసం ఇంటికి వెళ్లి రావడానికి 100 దీనారులు. జీతం లేని సెలవు 15 రోజులు పెడితే పోయేది 75 దీనారులు. మొత్తం ఏడాదికి 205, మూడేళ్లకు 615 దీనారులు. అతని స్నేహితుడు ఏడాదికి 30,000 రూపాయల ఫీజున్న ఆన్‌లైన్ డిగ్రీలో చేరి, పరీక్ష కూడా ఇక్కడినుండే రాశాడనుకోండి. ఏడాదికి 150, మూడేళ్లకు 450 దీనారులు. ఫీజు అయిదు రెట్లు ఎక్కువైనా ఆ చదువు 165 దీనారులు చవక!

ఇంతటితో ఆన్‌లైనే మేలని తీర్పు చెప్పేస్తే పొరపాటవుతుంది. ఆ మొదటివాడే తన వార్షిక సెలవును పరీక్షల నెలకు మార్చుకొని, కంపెనీ ఇచ్చే టిక్కెట్టు మీదనే వెళ్లి వచ్చినట్లయితే దారిఖర్చు లేదు, జీతం నష్టం లేదు. మూడేళ్లకు కలిపి అతనికి అయ్యేది 90 దీనారులు. బహ్రెయిన్ 2012 కార్మిక చట్టం ప్రకారం ఏడాది సర్వీసు నిండినవారికి జీతంతో కూడిన 30 రోజుల సెలవు హక్కుగా ఉన్నది. ఇగ్నో వారి పరీక్షలు జూన్‌లోను, డిసెంబరులోను జరుగుతాయి. కనుక చేరేముందు అడగవలసిన మొదటి ప్రశ్న ఫీజెంత అని కాదు. నాకు సెలవు ఏ నెలలో వస్తుంది, పరీక్ష ఏ నెలలో, ఏ ఊళ్లో జరుగుతుంది అని. కంపెనీ రెండేళ్లకొకసారే టిక్కెట్టు ఇచ్చేటట్లయితే ఆ సంగతీ లెక్కలో వేసుకోవాలి. ఇగ్నోలో మూడేళ్ల డిగ్రీని ఆరేళ్లలోపు పూర్తిచేసుకునే వెసులుబాటు ఉన్నది. మనబోటి వారికి ఆ వెసులుబాటు ఫీజు రాయితీ కన్నా విలువైనది.

మరొక ముఖ్యమైన సలహా. కొత్త డిగ్రీ కోసం వెతకడానికి ముందు ఇంట్లో ఉన్న పాత ట్రంకు పెట్టె తెరవండి. పాత మార్కుల మెమోలు తీసి, ఎన్ని పేపర్లు ప్యాసయ్యాము, ఎన్ని మిగిలాయి అని చూడండి. బి.కాం. మూడేళ్లూ చదివి, రెండు పేపర్లు తప్పి, ఆ సిగ్గుతోనే విమానం ఎక్కినవారు మనలో ఉన్నారు. అటువంటివారు మళ్లీ మొదటి సంవత్సరంలో చేరి మూడేళ్లు చదవనక్కరలేదు. పాత విద్యార్థులు మిగిలిన పేపర్లు రాసుకునేందుకు విశ్వవిద్యాలయాలు అప్పుడప్పుడు ‘వన్ టైమ్ ఛాన్స్’ పేరుతో అవకాశం ఇస్తుంటాయి. తమ్ముడో, బావమరిదో ఒకసారి కాలేజీ ఆఫీసుకు వెళ్లి హాల్ టిక్కెట్టు నంబరు చూపించి కనుక్కుంటే చాలు. రెండు పేపర్లే మిగిలినవారికి దానిని మించిన చవక మార్గం లేదు.

ఒకటి రెండేళ్లు మాత్రమే పూర్తిచేసినవారు, పాత చదువుకు ఎంత విలువ కడతారని కొత్త విశ్వవిద్యాలయాన్ని ముందుగానే లిఖితపూర్వకంగా అడగాలి. దీనినే క్రెడిట్ల బదిలీ అంటున్నారు. 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అనే ఏర్పాటు ప్రకారం ఇప్పుడు చదివే సబ్జెక్టుల క్రెడిట్లు బ్యాంకులో డబ్బులాగా జమ అవుతాయి. అంతకు ముందటి చదువుకు ఆ జమ దానంతట అదే రాదు, మనమే అడిగి సాధించుకోవాలి. ఫోనులో ‘చూద్దాంలెండి’ అన్న మాటను నమ్మి ఫీజు కట్టవద్దు.

ఇంటర్మీడియెట్ కూడా లేనివారు నిరాశ పడనక్కరలేదు. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ 1989 నుండి పదో తరగతి, పన్నెండో తరగతి చదువులను ఇదే విధంగా నడుపుతున్నది. మన రెండు రాష్ట్రాలలోనూ ఓపెన్ స్కూలు సొసైటీలు ఉన్నాయి. ముందు ఆ మెట్టు ఎక్కి, తరువాత డిగ్రీ మెట్టు ఎక్కవచ్చు.

పిల్లల తల్లిదండ్రులకు రెండు మాటలు. పన్నెండో తరగతి ముగిసిన పిల్లను ఇండియాలో హాస్టలులో చేర్చడానికి స్తోమత లేక, ఇక్కడి ప్రైవేటు కాలేజీ ఫీజు కట్టలేక ఇంట్లో కూర్చోబెట్టిన కుటుంబాలు ఉన్నాయి. అటువంటి పిల్లలకు ఆన్‌లైన్ డిగ్రీ మంచి అవకాశం. మద్రాసు ఐ.ఐ.టి. వారు 2020లో డేటా సైన్సులో ప్రారంభించిన డిగ్రీ ఇటువంటిదే. అందులో అంచెలంచెలుగా సర్టిఫికెట్, డిప్లొమా, డిగ్రీ ఉంటాయి. ఏ అంచె దగ్గర ఆగినా అంతవరకు చదివినదానికి కాగితం చేతికి వస్తుంది. సామాజిక వర్గాన్ని, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజులో రాయితీలు ఉన్నాయి. పాఠాలు ఇంట్లో చూసినా పరీక్షలు మాత్రం కేంద్రానికి వెళ్లి రాయాలి. ఆ కేంద్రం ఎక్కడో కనుక్కొన్న తరువాతనే చేరాలి. 2009లో అమెరికాలో ఏర్పడిన ‘యూనివర్సిటీ ఆఫ్ ది పీపుల్’లో బోధనకు ఫీజు లేదు, దరఖాస్తుకు, ఒక్కొక్క కోర్సు పరీక్షకు రుసుము కట్టాలి. విదేశీ ఆన్‌లైన్ డిగ్రీ తీసుకోదలచినవారు, రేపు స్వదేశంలో ప్రభుత్వోద్యోగానికో, పై చదువుకో అది చెల్లుతుందో లేదో ముందుగా తేల్చుకోవాలి. పట్టా చేతికి వచ్చిన తరువాత అడిగితే లాభం లేదు.

ఇక హెచ్చరికలు. చదువు పేరిట జరిగే మోసం మనిషిని రెండుసార్లు దోచుకుంటుంది. డబ్బు పోతుంది, మళ్లీ ప్రయత్నిద్దామన్న ఆశ కూడా పోతుంది. ఏడాదిలో డిగ్రీ ఇప్పిస్తాము, పాత తేదీ వేయిస్తాము, పరీక్షకు మీరు రానక్కరలేదు అని చెప్పే ఏజెంటు ఏ విశ్వవిద్యాలయం పేరు చెప్పినా దండం పెట్టి పంపించివేయండి. నకిలీ పట్టా ఇక్కడ ఉద్యోగానికి పెడితే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు, జైలు, దేశబహిష్కారం దాకా వెళ్లవచ్చు.

అసలైన విశ్వవిద్యాలయంలో చేరినా జాగ్రత్త అవసరమే. 2017 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును గుర్తుచేస్తున్నాము. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు తగిన అనుమతి లేకుండా దూరవిద్య పద్ధతిలో ఇంజనీరింగు డిగ్రీలు ఇచ్చినందుకు, ఆ డిగ్రీలు చెల్లవని, కొందరు మళ్లీ పరీక్ష రాసి నిరూపించుకోవాలని ఆ తీర్పు చెప్పింది. నిజాయితీగా చదివినవారు కూడా అందులో నలిగిపోయారు. ఇంజనీరింగు, వైద్యం, నర్సింగు, ఫార్మసీ, న్యాయశాస్త్రం వంటి డిగ్రీలకు దూరవిద్యలో గాని, ఆన్‌లైన్‌లో గాని అనుమతి లేదు. బి.ఎ., బి.కాం., బి.బి.ఎ., బి.సి.ఎ. వంటివి చూసుకోవాలి. విశ్వవిద్యాలయం పేరు ఉంటే సరిపోదు. మీరు చేరే కోర్సు, మీరు చేరే సంవత్సరానికి, మీరు ఎంచుకున్న పద్ధతిలో యు.జి.సి. దూరవిద్యా విభాగం ప్రకటించే జాబితాలో ఉండాలి. ఈ మూడూ సరిచూసుకున్న తరువాతనే డబ్బు కట్టండి. అదీ విశ్వవిద్యాలయం ఖాతాకే కట్టండి. 2024 నుండి ఈ చదువులలో చేరే మన విద్యార్థులు ‘డెబ్ ఐ.డి.’ అనే సంఖ్య తీసుకోవాలి. దానిని మీ పేరుతో, మీ ఫోను నంబరుతో మీరే తీసుకోండి.

నాలుగో పద్దయిన కాగితాల ఖర్చును కూడా మరువరాదు. డిగ్రీ ఇండియాలో వచ్చినా ఇక్కడ చూపించాలంటే విదేశాంగశాఖ ముద్ర కావాలి. భారతదేశం 2005 నుండి, బహ్రెయిన్ 2013 చివరి నుండి అపోస్టిల్ ఒప్పందంలో ఉన్నందున ఈ పని మునుపటికన్నా సులువైనది. అయినా పాస్‌పోర్టులోని పేరు, పదో తరగతి సర్టిఫికెట్టులోని పేరు, డిగ్రీలోని పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు ముందు వెనకలైనందుకే తిరిగి తిరిగి చెప్పులరిగినవారు ఉన్నారు. దరఖాస్తు నింపే రోజునే ఈ సంగతి చూసుకుంటే తరువాత చాలా శ్రమ తగ్గుతుంది.

అన్నీ కుదిరినా చదవడానికి వేళ ఏదీ అని అడుగుతారు. ఇది అన్నిటికన్నా న్యాయమైన ప్రశ్న. వేసవిలో మధ్యాహ్నం 12 నుండి 4 వరకు ఎండలో పనిచేయించరాదని ఇక్కడి ప్రభుత్వ నిషేధం ఉన్నది గదా, ఆ వేళ చదువుకోమని ఎవరో సలహా చెప్పారు. తెల్లవారకముందే లేచి పనికి వెళ్లినవాడికి ఆ విశ్రాంతి నిద్రకే చాలదు. అటువంటి సలహా మేము ఇవ్వము. ఇండియాలో రాత్రి 8 గంటలకు జరిగే తరగతి ఇక్కడ సాయంత్రం 5:30కే వస్తుంది, పనిలోంచి అప్పటికి ఇంటికి చేరము. కనుక తరువాత చూసుకునేందుకు వీలుగా పాఠాలను భద్రపరచి ఉంచే విశ్వవిద్యాలయాన్నే ఎంచుకోండి. రోజుకు ముప్పావు గంట, శుక్రవారం మూడు గంటలు కేటాయించగలిగినవారు చేరండి. అంతకూడా వీలుకానివారు ఈ ఏడాది ఆగి, డ్యూటీ మారిన తరువాత చేరినా నష్టం లేదు. కట్టిన ఫీజు వృథా చేసుకోవడం కన్నా ఆగడం మంచిది.

మంచం మీద మంచం వేసి ఆరుగురు ఉండే గదిలో చదువు సాగదు. ఇంటిపనితో సతమతమయ్యే గృహిణికి ఇల్లే కార్యస్థలం గనుక అక్కడా సాగదు. ఇక్కడనే మన సంఘం చేయగలిగిన పని ఉన్నది. కార్యవర్గానికి మూడు విన్నపాలు చేస్తున్నాము.

మొదటిది, రిఫాలో ప్రతి శుక్రవారం మూడు గంటల పాటు నిశ్శబ్దంగా ఉండే ఒక గది, ఒక కంప్యూటరు, మంచి ఇంటర్నెట్టు. మన సభ్యుల ఇళ్లలో ఒక ముందుగది చాలు. స్త్రీలకు వేరుగా వేళ కేటాయించాలి.

రెండవది, చేరేముందు కాగితాలు చూసిపెట్టే ఇద్దరు మనుషులు. మనలో ఉపాధ్యాయులు, అకౌంటెంట్లు ఉన్నారు. జాబితా సరిచూడటం, దరఖాస్తు నింపడం, నాలుగు పద్దుల లెక్క వేయడం వారికి అరగంట పని. చదువుకునేవారికి అది మూడేళ్ల రక్షణ.

మూడవది, పరీక్ష ఫీజు అప్పు నిధి. దానం వద్దు, వడ్డీ లేని అప్పు చాలు. ఒకరు తీర్చిన డబ్బు మరొకరి పరీక్షకు పనికివస్తుంది. ఈ ఉత్సవంలో పూలదండలకూ, శాలువాలకూ అయ్యే ఖర్చు కొంత తగ్గించుకున్నా ఆ నిధికి శ్రీకారం చుట్టవచ్చునని సవినయంగా మనవి చేస్తున్నాము. వేదిక మీది పెద్దలు మన్నించాలి.

సోదరీసోదరులారా! మనం నెలనెలా ఇంటికి పంపే డబ్బుతో తమ్ముళ్లు ఇంజనీర్లైనారు, చెల్లెళ్లు టీచర్లైనారు. వారి పట్టాలు గోడల మీద ఉన్నాయి. ఆ చదువులకు కష్టపడినవాడి పట్టా మాత్రం లేదు. అందరి ఫీజులూ కట్టిన చేయి తన ఫీజు కట్టుకోవడం స్వార్థం కాదు. ఈ సాయంత్రం ఇంటికి వెళ్లగానే ఊరికి ఫోను చేసి, పాత మార్కుల మెమోలు ఎక్కడున్నాయో అడగండి. ఫోటో తీసి పంపించమనండి. వచ్చే శుక్రవారం వాటిని తీసుకొని మా దగ్గరకు రండి, కూర్చొని లెక్క వేద్దాము.